ఫరంపేట వీధిలో తొమ్మిది కుక్కపిల్లలు

పోయిన నెల పాత న్యూస్ పేపర్లు ఇద్దామని వీధికుక్కల షెల్టరుకు వెళ్ళాను. కొత్తగా చేరిన అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తల్లిలేని కుక్కపిల్లను ఇంటికి తీసుకెళ్ళి సాకాలంటే ఏం చేయాలో చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చేతిలో ఒక అచ్చు కాగితం ఉంది. అందులో మొదటి వాక్యం, "పాలు పట్టేటప్పుడు పిల్లను ఎప్పుడూ బోర్లా ఉంచాలి" అని. ఇది ఎవరు రాశారమ్మా అని అడిగాను. "ఏదో పెద్ద కాలేజీ వాళ్ళు పంపుంటారండి" అంది. సరేనని తల ఊపి వచ్చేశాను. ఇంటికి వచ్చాక మాత్రం మనసు ఊరుకోలేదు. ఆ వాక్యం ఏ కాలేజీ నుంచీ రాలేదు. యానాం ఫరంపేటలో మా ఇంటి అరుగు మీద నుంచి వచ్చింది. అది రావడానికి రెండు ప్రాణాలు పోయాయి. పోయింది నా చేతుల్లోనే. నేను చెప్పకపోతే ఈ సంగతి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. షెల్టరులో కొత్తగా చేరే పిల్లల కోసం, మొదటిసారి ఒక కుక్కపిల్లను ఒళ్ళోకి తీసుకోబోయే వాళ్ళ కోసం రాస్తున్నాను. పేర్లు మాత్రం ఆఖరు దాకా రాయను. మధ్యలో పేరు కనబడితే మా వీధివాళ్ళు చదవడం ఆపేసి ఆ మనిషి గురించి మాట్లాడుకుంటారు.

నేను ఆ షెల్టరులో పద్నాలుగేళ్ళు పనిచేశాను. మొదట ఊడ్చే పనికి చేరాను. తరువాత కుక్కలకు అన్నం వండే పని ఇచ్చారు. చివరి ఆరేళ్ళూ డాక్టరమ్మ దగ్గర అటెండరుని. బడిలో చదివింది ఐదో తరగతి వరకే. మిగతా చదువంతా గ్రంథాలయంలో. మొదట్లో ఫ్యాను గాలి కోసం వెళ్ళేదాన్ని, అబద్ధమెందుకు. మధ్యాహ్నం గంటసేపు అక్కడ పేపరు ముందు పెట్టుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒకరోజు లైబ్రేరియన్ గారు, "రోజూ ఆ సినిమా పేజీయేనా అమ్మా, అలమరాలో పుస్తకాలు కూడా ఉన్నాయి" అన్నారు. పౌరుషం వచ్చింది. మొదటి అలమరా మొదటి పుస్తకం నుంచి మొదలుపెట్టాను. ఫ్రెంచివాళ్ళు వదిలిపోయిన పుస్తకాలు తప్ప అన్నీ తిరగేశాను. తేనెటీగల పెంపకం చదివాను, సూయజ్ కాలువ తవ్వడం చదివాను, పళ్ళ సంరక్షణ చదివాను. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికి ఏ సందేహం వచ్చినా నేను చెబుతాను. అడగకపోయినా చెబుతాను. ఈ గర్వం నాలో ఉందని మీరు ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే జరిగిన తప్పు అక్కడి నుంచే వచ్చింది.

మా షెల్టరు మెట్టకూరు దాటాక పొలాల పక్కన ఉండేది. వీధికుక్కలను వ్యానులో తెచ్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, గాయం మానాక ఎక్కడ పట్టారో అక్కడే వదిలేవారు. ఇది సజావుగానే సాగేది. సాగనిది ఒకటే, పిల్లల గది. తల్లి చచ్చిపోయిన పిల్లలు, సంచుల్లో కట్టి ఎవరో పడేసిన పిల్లలు ఆ గదిలో ఉండేవి. పక్కగదిలో జబ్బు కుక్కలు. గోడ ఎంత కడిగినా, నేల ఎంత రుద్దినా పార్వో అనే రక్తవిరేచనాల జబ్బు వచ్చేది. అది వచ్చిన వారానికి గది ఖాళీ. పాలు తాగే వయసు పిల్లలు ఆ గదిలోంచి బతికి బయటపడటం నేను పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. ఉదయం తలుపు తీసేటప్పుడు ముందు చెవి పెట్టి వినేదాన్ని. చప్పుడు ఉంటే తీసేదాన్ని. లేకపోతే డ్రైవరు గారిని పిలిచేదాన్ని.

వ్యాను నడిపే డ్రైవరు గారిది ద్రాక్షారామం వైపు. ఎప్పుడూ ఏదో ఒక హాస్యం. ఆ గది దగ్గర మాత్రం ఏమీ మాట్లాడేవారు కాదు.

ఒక సంక్షేమ సంస్థ వాళ్ళు షెల్టరు నడిపేవారు. దాని కార్యదర్శి గారు రిటైరైన హెడ్మాస్టరు. ఉదయం పదింటికి వస్తానంటే, పదింటికే వచ్చేవారు. ఆయన నియమం ఒకటి గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉండేది. షెల్టరులో ఉన్న జంతువు సొంతానికి పెంచుకునేవాళ్ళకు తప్ప ఎవరికీ ఇవ్వబడదు. అలా రాయించడానికి కారణం ఉంది. ఒకసారి ఒక పెద్దమనిషి నాలుగు రోజులు ఉంచుకుని చూస్తానని ఒక కుక్కను తీసుకెళ్ళి, రొయ్యల చెరువు గట్టు మీద గొలుసుతో కట్టేసి మరిచిపోయాడు. దొరికినప్పుడు ఎలా ఉందో నేను రాయను. ఆ రోజు కార్యదర్శి గారు అన్నం తినలేదు. బోర్డు మర్నాడు వచ్చింది.

నేను చదివిన ఒక పుస్తకంలో వేరే ఊళ్ళలో ఫోస్టరింగు అనే పద్ధతి ఉందని ఉంది. పిల్ల సొంతం కాదు. కాస్త పెద్దయ్యేదాకా, జబ్బులను తట్టుకునే సూది మందులు వేయించేదాకా ఇంట్లో ఉంచుకుని, తరువాత తిరిగి ఇచ్చేయాలి. పెంచుకునేవాళ్ళు వస్తే అక్కడి నుంచి వాళ్ళకి ఇస్తారు. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చి వెళ్ళినట్టే. మా వీధిలో ఇప్పుడు దాన్ని అలాగే అంటారు, "మా ఇంటికి పురిటికొచ్చాయి" అని.

ఎదుర్లంక వంతెన దగ్గర ఒక తల్లికుక్క లారీ కింద పడింది. దాని ఆరు పిల్లలను డ్రైవరు గారు చొక్కాలో వేసుకుని తెచ్చారు. కళ్ళు కూడా తెరవలేదు. పిల్లల గది తలుపు తీయబోతూ ఆగిపోయాను. అలాగే వాటిని ఒళ్ళో పెట్టుకుని కార్యదర్శి గారి గదికి వెళ్ళాను. ఆయనకు ఫోస్టరింగు గురించి ఉన్న పుస్తకం పేజీ తెరిచి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేజీ అంతా చదివారు. హెడ్మాస్టర్లు పుస్తకం చూపిస్తే కాదనలేరు, ఆ కిటుకు నాకు తెలుసు.

"మూడు వారాలు" అన్నారు. "ఈ ఆరే. నీ ఇంట్లోనే. ఈ మూడు వారాలూ నీ డ్యూటీ ఇదే. రోజూ ఏం జరిగిందో రిజిస్టరులో రాయాలి. మూడు వారాలకి నేనే వచ్చి చూస్తాను. ఇవి బతికితే అప్పుడు మిగతా వాటి సంగతి ఆలోచిద్దాం. బతక్కపోతే మళ్ళీ ఈ మాట ఎత్తకూడదమ్మా."

డాక్టరమ్మ కాకినాడ నుంచి వచ్చే చిన్న వయసు అమ్మాయి. సూది లేని సిరంజిలు ఇచ్చి, "అక్కా, పాలు పట్టేటప్పుడు..." అని ఏదో చెప్పబోయింది.

"పాలు పట్టడం నాకు చెబుతారా డాక్టరమ్మా, ముగ్గురిని పెంచాను" అన్నాను.

ఆమె నవ్వింది. అంతలో ఆపరేషను బల్ల దగ్గర ఎవరో పిలిచారు, వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గ్రంథాలయం నుంచి కుక్కల పెంపకం మీద ఉన్న పుస్తకం తెచ్చుకున్నాను. అట్ట ఊడిపోయిన పాత పుస్తకం. శ్రద్ధగా చదివాను. పిల్లలకు తల్లి ఒంటి వేడి కావాలని ఉంది. తల్లి నాకి తుడిస్తేనే వాటికి మూత్రం వస్తుందని, తల్లి లేకపోతే తడి దూదితో మనమే తుడవాలని ఉంది. అవన్నీ నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. పాలు పట్టే అధ్యాయం వచ్చింది. నాలుగు పేజీలు. దాన్ని వదిలేసి తరువాత అధ్యాయానికి వెళ్ళాను. జీవితంలో నేను చదవకుండా దాటేసిన పేజీలు అవే. ఫ్రెంచివి లెక్కలోకి రావు.

ఒంటి వేడికి రబ్బరు సంచులు కొనమని పుస్తకం చెప్పింది. యానాంలో ఉండి ఖాళీ సీసాలకు కొదవేమిటి? బ్రాందీ షాపుల వెనకాల నుంచి ఒక సంచెడు ఏరుకొచ్చి, కడిగి, వేడినీళ్ళు పోసి, మా ఆయన పాత లుంగీ ముక్కల్లో చుట్టి పిల్లల చుట్టూ పేర్చాను. మా తోడికోడలు పక్కింట్లోనే ఉంటుంది. గోడ మీద నుంచి చూసింది.

"ఏంటక్కా, బావగారికి తెలిసే తాగుతున్నావా, తెలీకుండానా?"

"కుక్కపిల్లలకే పిల్లా, వేడి కోసం."

"ఔనౌను. షాపు వెనకాల వంగి ఏరుతుంటే మన చర్చి సంఘంవాళ్ళు చూశారంట. కుక్కపిల్లల కోసమని చెప్పు, నమ్ముతారు." నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఇక పాలు. మెట్టకూరులో మేకలున్న ఒకావిడ పొద్దునా సాయంత్రం మేకపాలు పోసేది. మా అమ్మ నాకు, నేను నా పిల్లలకు పట్టినట్టే పట్టాను. నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. రెండు కాళ్ళ మధ్య పల్లంలో కుక్కపిల్లను వెల్లకిలా పడుకోబెట్టాను. డాక్టరమ్మ ఇచ్చిన సిరంజి పక్కన పెట్టి, నా పిల్లలకు వాడిన ఉగ్గుగిన్నె తీశాను. ఆ గిన్నె ముక్కుతో నోట్లోకి కొద్దికొద్దిగా పోశాను. గుటకలు వేశాయి. ఎంత బాగా తాగుతున్నాయో అనుకున్నాను.

రెండోరోజు మధ్యాహ్నానికి వాటిలో చిన్నది ముక్కులోంచి పాల బుడగలు వదలడం మొదలుపెట్టింది. ఊపిరి గరగరలాడింది. చలి చేసిందనుకుని సీసాలు పెంచాను. సాయంత్రానికి పోయింది. మూడోరోజు ఇంకొకటి అలాగే పోయింది. అదే గరగర, అవే బుడగలు. అది నా అరచేతిలో ఉండగానే, ఆ వదిలేసిన అధ్యాయం గుర్తొచ్చింది.

తెరిచాను. మొదటి పేజీలోనే ఉంది. కుక్కపిల్లను మనిషి బిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పాలు పట్టరాదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర ఎలా తాగుతుందో అలాగే బోర్లా, తల కాస్త ఎత్తి పట్టాలి. దాని పక్కన బొమ్మ కూడా వేశారు, చదువు రానివాళ్ళకి సైతం అర్థమయ్యేలా.

రిజిస్టరులో ఏం రాయాలో చాలాసేపు తెలియలేదు. చివరికి "రెండు పిల్లలు పుట్టుకతో బలహీనంగా ఉండి మరణించినవి" అని రాశాను. మా ఆయన రొయ్యల చెరువు కాపలాకు వెళ్ళడానికి చొక్కా వేసుకుంటూ చూశాడు.

"అలా రాసేవేంటి? పాలు ఎక్కడికో పోయాయన్నావు కదా."

"నిజం రాస్తే మర్నాడే నాలుగింటినీ తీసుకుపోయి ఆ గదిలో పెడతారు. చచ్చిపోతాయి."

"అదీ నిజమే" అన్నాడు. చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "రాత్రిపూట పాలు నేను పడతాలే. ఆ చెరువు గట్టు మీద నాకెలాగూ నిద్దరుండదు. బుట్టలో పెట్టి ఇచ్చెయ్. ఎలా పట్టాలో చూపించు. బోర్లానా, వెల్లకిలానా?"

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. బోర్లా అని చూపించాను. ఆ మూడు వారాలూ నాలుగు పిల్లలు పగలు నా దగ్గర, రాత్రి చెరువు గట్టు మీద పాకలో.

ఈలోగా మా సంఘం పాస్టరు గారికి ఎవరో చెప్పారు, ఫలానా ఆమె సీసాలు ఏరుకుంటోంది, కుటుంబం ఏమైపోతుందో అని. ఆయన ఒక మంగళవారం ప్రార్థన చేస్తానని వచ్చారు. గదిలో మూల వరసగా నిలబెట్టిన సీసాలు చూసి మంచం అంచున కూర్చున్నారు.

"అమ్మా, మనసులో ఏదైనా బాధ ఉంటే చెప్పండి."

నేను దుప్పటి తొలగించాను. సీసాల మధ్య నాలుగు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. పాస్టరు గారు చాలాసేపు చూశారు. "ప్రార్థన మెల్లగా చేసుకుందాం, లేచిపోతాయి" అన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ సీసాలు వేడినీళ్ళకేనని ఆయనే అందరికీ చెప్పారు. మా తోడికోడలు మాత్రం, "పాస్టరు గారిని కూడా నమ్మించావక్కా" అంది.

నాలుగూ కళ్ళు తెరిచాయి. నడవడం నేర్చాయి. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఊగడం నేర్చాయి. మూడు వారాలు నిండిన రోజు ఉదయం పదింటికి, పదింటికే, కార్యదర్శి గారు మా వీధిలోకి వచ్చారు.

పెద్దమనిషి ఇంటికొచ్చాడంటే ఫరంపేటలో ఎవరూ ఇంట్లో ఉండరు. నీళ్ళ బిందెలు, చేపల బుట్టలు పట్టుకుని వీధి ఆడవాళ్ళంతా మా అరుగు ముందుకు చేరారు. ఆయనకు స్టూలు వేశాను. నాలుగు పిల్లలూ ఆయన పంచె అంచు మీద పడ్డాయి. ఒకటి చెప్పు నములుతోంది. ఆయన దాన్ని అదిలించలేదు. రిజిస్టరు తీసి మొదటి నుంచీ చదివారు. ఆ రెండు మరణాల దగ్గర ఆగి, మళ్ళీ ముందుకు వెళ్ళారు.

"నాలుగు బతికాయి" అన్నారు. "ఆ గది నుంచి ఒక్కటీ బతకలేదు. అది నేను ఒప్పుకుంటాను. కానీ ఇది నీ ఒక్కదాని కష్టమమ్మా. నువ్వు చదువుతావు, రాస్తావు, ఉన్నది ఉన్నట్టు చెబుతావు. నిన్ను నమ్మినట్టు వీధిలో అందరినీ నమ్మి ఇవ్వలేను కదా. ఇంతటితో ఆపేద్దాం."

ఉన్నది ఉన్నట్టు చెబుతావు అన్న మాటకి నేను తల వంచుకున్నాను.

అప్పుడు వ్యాను వచ్చింది. వీధి ఇరుకు, మలుపు దగ్గరే ఆగిపోయింది. డ్రైవరు గారు, డాక్టరమ్మ ఒక ప్లాస్టిక్ బుట్టను చెరో వైపు పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చారు. బుట్టలో తొమ్మిది పిల్లలు. అగ్రహారం వైపు ఒక చెరువు గట్టు మీద గోనెసంచిలో దొరికాయి. పది రోజులవి ఉంటాయేమో.

"సార్, పొద్దుట నుంచి పిల్లల గదిలో రెండింటికి రక్తవిరేచనాలు" అంది డాక్టరమ్మ. "వీటిని లోపల పెడితే వారంలో ఒక్కటీ మిగలదు. ఎక్కడికి తీసుకెళ్ళాలో మీరే చెప్పాలి."

కార్యదర్శి గారు నా వైపు చూశారు. "నువ్వే తీసుకో, తొమ్మిదీ."

"పదమూడింటికి రెండేసి గంటలకి పాలు పట్టడం ఒక్క మనిషి వల్ల కాదండీ. మొదటిది తాగి చివరిది తాగేసరికి మళ్ళీ మొదటిదానికి వేళవుతుంది."

ఆయన బుట్టలోకి చూశారు. పిల్లలు ఆకలికి కీచుకీచుమంటున్నాయి. ముందుగా చేపలు అమ్మే ఆవిడ బుట్ట కిందపెట్టింది.

"ఆయ్, ఒకటి ఇటివ్వండి. ఈ పూటకి చూత్తాను. మా ఇంట్లో పిల్లి లేదు, అత్తగారు లేరు, అడిగేవాళ్ళెవరు?"

అందరూ నవ్వారు. "నాకొకటి" అని ఇంకొకావిడ చెయ్యి చాపింది. తరువాత ఇంకొకరు. మా తోడికోడలు కొంగు బిగించుకుని, "ఏదీ, ఆ చెవులు నల్లవి రెండూ నాకివ్వండి. మా అక్క చేసిన పని మేం చెయ్యలేవా ఏంటి, పుస్తకాలు చదవకపోయినా ముగ్గుర్ని కన్నాం" అంది. కార్యదర్శి గారు అభ్యంతరం చెప్పేలోపే బుట్ట ఖాళీ అయింది.

డాక్టరమ్మ సిరంజిల కోసం వ్యాను దగ్గరికి పరుగెత్తింది. నేను లోపలికి వెళ్ళి పొయ్యి మీద ఉన్న మేకపాలు తీసి, గోరువెచ్చగా చల్లార్చి, గిన్నెలో పోసుకుని బయటకు వచ్చాను.

ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. మా అరుగు మీద, ఎదురింటి అరుగు మీద, మెట్ల మీద ఏడుగురు ఆడవాళ్ళు. ఏడుగురూ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ప్రతి కాళ్ళ జత మీదా పిల్ల వెల్లకిలా పడుకుని ఉంది. ఒకావిడ అప్పటికే ఇంటికి పరుగెత్తి ఉగ్గుగిన్నె తెచ్చింది. మా తోడికోడలు దాన్ని తీసుకుని తన ఇంట్లోంచి తెచ్చిన పాలు వంచబోతోంది.

"ఆపండి" అన్నాను. "అలా కాదు. బోర్లా పట్టండి."

"బోర్లా ఏంటక్కా, గొంతులోకి ఎలా దిగుద్ది? మీ అబ్బాయికి నువ్వెలా పట్టేవు? మా అత్తగారు నాకు నేర్పింది ఎలాగ? ఇలాగేగా."

"పుస్తకంలో ఉంది."

"ఎహె, ఊరుకో. పుస్తకంలో లేందేముంది నీకు" అని గిన్నె వంచింది.

పుస్తకం మాట చెబితే ఆగరని నాకప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ అడగకపోయినా అందరికీ పుస్తకాలు చెప్పిన దాన్ని నేను. వాళ్ళకి నా పుస్తకాలంటే నవ్వులాట. గిన్నె ముక్కుకీ పిల్ల నోటికీ మధ్య జానెడు దూరం లేదు. స్టూలు మీద కార్యదర్శి గారు ఉన్నారు. చెబితే ఉద్యోగం పోతుందేమో, నాలుగు పిల్లలూ మళ్ళీ ఆ గదికి పోతాయేమో. చెప్పకపోతే తొమ్మిది ఇప్పుడే పోతాయి.

నేను మా తోడికోడలు చెయ్యి పట్టుకున్నాను.

"నేను చంపేశాను" అన్నాను. "నాకిచ్చిన ఆరింటిలో రెండింటిని ఇలాగే కాళ్ళ మీద వేసుకుని, ఇలాంటి ఉగ్గుగిన్నెతోనే చంపేశాను. బలహీనతా కాదు, జబ్బూ కాదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ముక్కులోంచి పాలు వచ్చి, గరగరమని పోయాయి. పుస్తకంలో ఆ పేజీ ఉంది. నాకు వచ్చులే అని నేను చదవలేదు. సార్ రిజిస్టరులో అబద్ధం రాశాను."

కార్యదర్శి గారి వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. మా తోడికోడలు గిన్నె కింద పెట్టింది. మెల్లగా పిల్లను తిప్పి బోర్లా పడుకోబెట్టింది.

"ఇలాగా అక్కా?" అంది. ఆ మనిషి నన్ను వెటకారం లేకుండా ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"ఆ, అలాగే. తల కొంచెం ఎత్తు. గిన్నె వద్దు, ఈ సిరంజి పట్టుకో. పక్కనుంచి ఒక్కొక్క చుక్క. అది చప్పరిస్తేనే రెండో చుక్క."

నేను ఒకరి తరువాత ఒకరి దగ్గరికి వెళ్ళాను. మోకాలు వంచమన్నాను, కొంగు మడిచి దాని మీద పిల్లను బోర్లా పెట్టమన్నాను. తాగాక తడి దూదితో తుడవాలని చూపించాను. "అదేం పని, ఇదీ మేమే చెయ్యాలా" అని ఒకావిడ అంటే, "తల్లి నాలుకతో చేస్తుంది, నీకు దూది ఇచ్చారు, సంతోషించు" అంది చేపలావిడ. నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి. ఏడుగురూ బోర్లా పట్టారు. తొమ్మిదీ చప్పరించాయి.

అప్పుడు కార్యదర్శి గారు పిలిచారు. రిజిస్టరు నా ముందు పెట్టి కలం ఇచ్చారు.

"బలహీనత అని రాశావే, అది కొట్టెయ్. ఇప్పుడు నోటితో చెప్పింది రాయి."

రాశాను. ఆయన చదివి కింద సంతకం చేశారు.

"నలభై ఏళ్ళు బడిలో పనిచేశాను" అన్నారు. "తప్పు ఎక్కడ జరిగిందో తెలిస్తే రెండోవాడికి నేర్పొచ్చు. బలహీనత అని రాస్తే ఎవరికి ఏం నేర్పుతావమ్మా? ఇంకోసారి ఇలా రాస్తే ఉద్యోగంలో ఉండవు. ఇప్పుడు పేజీ తిప్పి తొమ్మిది గీతలు గియ్యి. ఏ ఇంట్లో ఏ పిల్ల ఉందో రాయి."

"అందరినీ నమ్మి ఇవ్వలేనన్నారు కదండీ."

"నువ్వు చూస్తూ ఉండు. నేను నిన్ను చూస్తూ ఉంటాను."

తరువాత డాక్టరమ్మ నాతో నడుస్తూ అంది, "చచ్చిన ఆ రెండింటినీ మీరు షెల్టరుకు తెచ్చినప్పుడే ముక్కులో పాలు చూశాను, నాకు తెలీదా అక్కా. ఆ రోజు చెప్పకుండా వెళ్ళిపోయింది నేను. మీరు మాట్లాడతారేమోనని చూశాను, నేనూ మాట్లాడలేదు." ఇద్దరం ఖాళీ బుట్టను చెరో వైపు పట్టుకుని వ్యాను దాకా నడిచాం.

ఆ తొమ్మిదింటిలో ఎనిమిది బతికాయి. ఒకటి ఆరోరోజు పోయింది, దాని గుండెలోనే లోపం ఉందని డాక్టరమ్మ చూసి చెప్పింది. అది రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాశాం. ఎనిమిదీ, నా నాలుగూ కలిసి పన్నెండు, సూది మందులు పూర్తయ్యాక ఒక ఆదివారం మా వీధిలోనే పెంచుకునేవాళ్ళకు ఇచ్చాం. ఆరాధనకు వచ్చినవాళ్ళూ, గుడికి వెళ్ళేవాళ్ళూ, రొయ్యల చెరువుల దగ్గర పనికి వచ్చినవాళ్ళూ చుట్టూ చేరారు. సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు.

ఇచ్చెయ్యడం కష్టం. ఇది మీకు ఎవరూ సరిగ్గా చెప్పరు కనుక నేను చెబుతాను. రెండు నెలలు ఒళ్ళో పెట్టుకున్నదాన్ని వేరేవాళ్ళ చేతిలో పెట్టాక ఇల్లు బోసిపోతుంది. చేపలావిడ కన్నీళ్ళు పెట్టుకుంటూ, "ఇంక నాకు ఇయ్యకండి, ఈ బాధ నా వల్ల కాదు" అంది. మూడోరోజు ఉదయం షెల్టరు గేటు దగ్గర నిలబడి ఉంది. "ఏవైనా వచ్చేయా అండీ?" అని.

అక్కడి నుంచి ఆ పని ఫరంపేట దాటింది. మెట్టకూరులో ఆడవాళ్ళు అడిగారు, అగ్రహారంలో ఒక టీచరమ్మ అడిగింది. ఎవరు కొత్తగా వచ్చినా నేను మొదటిరోజు వాళ్ళ ఇంటికి వెళ్ళి, కాళ్ళు చాపనిచ్చి, పిల్లను వెల్లకిలా వేసేదాకా చూసి, అప్పుడు ఆ రెండు పిల్లల సంగతి చెప్పేదాన్ని. ముందే చెబితే తలకెక్కదు. తప్పు చేయబోతున్న చేతిని పట్టుకుని చెబితే ఎన్నటికీ మరిచిపోరు. నేను రిటైరయ్యే నాటికి పిల్లల గది తలుపుకు చెవి పెట్టి వినే అవసరం ఎవరికీ లేకపోయింది. అందులో బియ్యం బస్తాలు, ఊక పెట్టుకున్నారు.

కథ అయిపోయింది కనుక ఇప్పుడు పేర్లు. కృతజ్ఞత పేరు లేకుండా చెబితే అది ఎవరికీ చేరదు. చొక్కాలో పిల్లలను మోసుకొచ్చిన సత్తిబాబు గారికి. తన మౌనాన్ని కూడా ఒప్పుకున్న డాక్టర్ స్రవంతి గారికి. సినిమా పేజీ నుంచి నన్ను లేపిన లైబ్రేరియన్ భాస్కరరావు గారికి. పొద్దునా సాయంత్రం మేకపాలు పోసి ఏనాడూ నీళ్ళు కలపని ఎస్తేరమ్మకు. మెల్లగా ప్రార్థన చేసిన పాస్టర్ సామ్యూలు గారికి. నా చేత కొట్టివేయించి మళ్ళీ రాయించిన నరసింహమూర్తి మాస్టారికి. చేపల బుట్ట కిందపెట్టి మొదటి చెయ్యి చాపిన కాంతమ్మకు. ఆ రోజు అరుగుల మీద కూర్చున్న నాగలక్ష్మి, సుగుణ, దుర్గ, కరుణ, మేరీలకు. చెరువు గట్టు మీద రాత్రుళ్ళు పాలు పట్టిన మా ఆయన యోహానుకు.

ఆఖరున మా తోడికోడలు రూతమ్మకు. ఇప్పటిదాకా మా వీధిలో అందరికంటే ఎక్కువ పిల్లలను బతికించింది ఆమే. నిన్న మధ్యాహ్నం ఆమె ఒళ్ళో కొత్తగా వచ్చినవి మూడు ఉన్నాయి. నేను సాయం చేద్దామని సిరంజి అందుకోబోయాను.

"నువ్వు పక్కన కూర్చో అక్కా" అంది. "నువ్వు పాలు పట్టే తీరు నాకు తెలుసు."

కూర్చున్నాను. మూడూ బోర్లా పడుకుని, కడుపు నిండేదాకా తాగాయి.